దోసకాయ పప్పు, మెస్ బిల్లు

వేదిక మీదున్న పెద్దలకు, ఈ ఏడాదే హాస్టల్లో చేరిన తమ్ముళ్లకు నమస్కారం.

వార్డెన్ గారు నన్ను ‘సామూహిక జీవనం’ మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకు చేతకాదు. నాకు తెలిసింది మెస్ బిల్లు.

మా రోజుల్లో డివైడింగ్ పద్ధతి ఉండేది. బియ్యం, పప్పు, కూరగాయలు, గ్యాసు అన్నీ కలిపి నెలకు ఎంతయిందో లెక్కేసి, తిన్న రోజులను బట్టి పంచేవారు. ఎవడైనా చుట్టాన్ని తెచ్చి, గెస్టు చీటీ రాయకుండా తినిపించాడా, ఆ ముద్ద అందరి నెత్తినా పడేది. వాడిని పట్టుకోవడం మహా కష్టం. పైగా ఆ చుట్టం రేపు మనకూ ఉంటాడు కదా!

హాస్టల్లో గది పోతే మెస్‌లో కంచం కూడా పోతుంది. 1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థన వేళ వందేమాతరం పాడారు. అప్పటి నిజాం రాజ్యంలో అధికారులు వద్దన్నా మానలేదు. హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టారు, తర్వాత చదువూ ఆగింది. గొడవ వరంగల్ కాలేజీకి పాకింది. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. అందరూ ఆ పాట గురించే చెబుతారు. నాకు మాత్రం, గది ఖాళీ చేసిన రాత్రి వాళ్లు అన్నం ఎక్కడ తిన్నారో తెలుసుకోవాలని ఉంటుంది.

ఎంఏ రెండో ఏడు నన్ను మెస్ సెక్రటరీని చేశారు. తెల్లవారకముందే వంటమాస్టర్‌తో ఆటోలో మార్కెట్‌కు పోవాలి. ఒకరోజు చవగ్గా దొరికాయని దోసకాయల బస్తా ఎత్తించాను. “ఒకటి కోసి చూద్దాం సార్” అని మాస్టర్ అంటూనే ఉన్నాడు. వింటేగా! మధ్యాహ్నానికి గుండిగెడు పప్పూ చేదు విషం. కంచాలు పట్టుకుని అందరూ నా వైపే చూస్తున్నారు. ఒక్కడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అంతలో పక్కరూం వాడు ఆవకాయ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంకొకడు గోంగూర పచ్చడి. మరొకడు నెయ్యి డబ్బా, ఆర్నెల్లుగా ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచిందట! మజ్జిగ బకెట్ మాత్రం అడుగంటింది.

అయితే హాస్టల్లో అందరం అన్నదమ్ములమేనని చెబితే అబద్ధం అవుతుంది. కులం చూసి రూమ్మేట్‌ను మార్చుకున్నవాళ్లు మాలోనూ ఉన్నారు. ఆ మధ్యాహ్నం కూడా ఇద్దరు ఆ బల్ల దగ్గరికి రాలేదు, బయటికి పోయి టిఫిన్ చేశారు. ఆ బస్తా ఖర్చులో వాళ్ల వాటా కూడా బిల్లులో పడింది.

మీ మెస్ కమిటీ ఎన్నిక వచ్చే వారమట. నిలబడండి. దోసకాయ మాత్రం ముచ్చిక కోసి, నాలుక మీద పెట్టుకున్నాకే బస్తా ఎత్తించండి.