పేరొచ్చిన మేస్త్రులతో నాలుగు మాటలు
(విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్‌ల సన్మాన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈరోజు శాలువా కప్పించుకున్న తమ్ముళ్లకు ముందుగా నా అభినందనలు. మన ఆటోనగర్‌లో పేరు తెచ్చుకోవడమంటే మాటలు కాదు. ఒడిశా నుంచి వచ్చిన డ్రైవర్ కూడా గేటు దగ్గర ఆగి ఫలానా మేస్త్రి షెడ్డు ఎక్కడని అడుగుతున్నాడంటే, దాని వెనుక ఏళ్ల కష్టం ఉంది.

నా భయం కూడా అక్కడే మొదలవుతుంది. పని రానివాడు అడిగి తెలుసుకుంటాడు. పేరొచ్చినవాడికి అడగాలంటే మొహమాటం. కుర్రాళ్ల ముందు 'నాకు తెలియదు' అనడానికి నోరు రాదు.

పాత ఇంజన్లో ఏ సిలిండర్ కొట్టడం లేదో ఎలా చూసేవాళ్లం? బండి స్టార్టింగ్‌లో ఉండగానే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కి వెళ్లే పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసేవాళ్లం. చప్పుడు మారితే ఆ సిలిండర్ బాగున్నట్టు, మారకపోతే జబ్బు అక్కడే ఉన్నట్టు. ఒక స్పానరు, మంచి చెవి ఉంటే చాలు. ఎందరో మేస్త్రులకు ఆ చెవి వల్లే పేరొచ్చింది. అదే పని కామన్ రైల్ ఇంజన్ మీద, అంటే ఒకే పైపులో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నింపి అన్ని సిలిండర్లకూ పంచే కొత్త ఇంజన్ మీద చేస్తే? పాత నాజిల్ సుమారు 200 బార్ ప్రెషర్ దగ్గర తెరుచుకునేది. ఈ పైపుల్లో ప్రెషర్ 1600 బార్ దాకా, కొన్నింట్లో ఇంకా పైకి పోతుంది. ఆ డీజిల్ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన పద్ధతే ఇప్పుడు చేతికి ముప్పు తెస్తోంది.

ఇంజన్ లోపాలు చూపించే స్కానర్ పట్టుకున్న కుర్రాళ్లకూ ఇదే మాట. 2020 ఏప్రిల్ 1న బండి పొగకు సంబంధించిన బీఎస్-6 నిబంధన వచ్చాక, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్, పొగలోని విషవాయువు తగ్గించే ద్రవం డీఈఎఫ్, సెన్సార్లు అన్నీ మీ చేతుల్లోకి వచ్చాయి, సంతోషం. డీపీఎఫ్ మూసుకుపోయిందని స్కానర్ చూపిస్తుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారి మసి పడుతోందా, టర్బో ఆయిల్ వదులుతోందా అన్నది మీరే వెతకాలి. స్కానర్‌లో కనిపించిన లోపం కోడ్ మాత్రం చెరిపేసి బండి పంపితే మళ్లీ మీ గుమ్మం ముందుకే వస్తుంది.

పనిమీద ఉత్సాహం తగ్గిందని కొందరు నాతో అంటుంటారు. రోజూ తెలిసిన పనే చేస్తుంటే తగ్గక ఏం చేస్తుంది? పెద్ద షెడ్లలో, రిపేరు చేసి పంపాక మళ్లీ తిరిగొచ్చిన బండిని చిన్న కుర్రాడికి అప్పగించడం చూస్తుంటాను. అది నాకు నచ్చదు. ఆ బండి హెడ్ మేస్త్రే విప్పాలి, కుర్రాళ్లందరి ముందూ విప్పాలి. తప్పెక్కడ జరిగిందో వాళ్లకు చూపించాలి. మనకు కొత్త విషయం దొరికేది ఆ బండిలోనే.

మధ్యాహ్నం కామన్ రైల్ ఇంజన్ ఒకటి ఇక్కడే విప్పుతున్నాం. శాలువాలు కప్పించుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి, మొదటి ప్రశ్న మీరే అడగండి.