బీప్ వచ్చింది, తలుపు తెరుచుకోలేదు: రీడర్ మార్చేముందు ఇవి చూడండి

తలుపు పక్కన గోడకున్న కార్డు రీడర్ మీద కార్డు పెట్టారు. బీప్‌మంది. తలుపు తెరుచుకోలేదు. వెంటనే ఏమంటారు? "రీడర్ పోయింది, కొత్తది తెప్పించండి." ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. బీప్‌మందంటే రీడర్ బతికే ఉందండీ! చాలాసార్లు పాడైనదాన్ని వదిలేసి, పనిచేసేదాన్ని గోడ మీంచి పీకేస్తున్నారు.

రీడర్‌ని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ అనుకోండి. వచ్చినవాళ్ళ పేరు అడిగి ఇంటర్‌కంలో పైకి చెప్తాడు, అంతే. పంపాలా వద్దా అని తేల్చేది పైనున్న ఓనరు, అంటే ఎవరి కార్డుకి తలుపు తీయాలో తెలిసిన కంట్రోలర్ బోర్డు. చాలా రీడర్లలో బీప్ అంటే "పేరు తెలిసింది" అని మాత్రమే. ఓనరు విన్నాడనీ కాదు, ఒప్పుకున్నాడనీ కాదు. రీడర్, కంట్రోలర్ ఒకే డబ్బాలో ఉండే మెషీన్ల సంగతి వేరు, ఇవాళ వాటి జోలికి పోవట్లేదు.

కాబట్టి ముందు స్క్రూడ్రైవర్ తీయకండి. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో ఈవెంట్ లాగ్ (ఏ కార్డుకి ఏం జరిగిందో రాసే చిట్టా) తెరిచి, ఒక్కసారి కార్డు పెట్టించండి. లాగ్‌లో ఏమీ రాకపోతే మాట పైకి చేరలేదు, అంటే చాలాసార్లు వైరింగ్. "రిజిస్టర్ కాని కార్డు" అనో "డినైడ్" అనో వస్తే మాట చేరింది, ఓనరు వద్దన్నాడు. "గ్రాంటెడ్" అని వచ్చినా తలుపు కదలకపోతే గొడవ రిలే (తాళం కరెంటుని తెంపి కలిపే కంట్రోలర్ స్విచ్చి), తాళాల దగ్గర. రీడర్‌తో సంబంధమే లేదు.

[స్క్రీన్ మీద: నాలుగు వైర్ల బొమ్మ]

ముందు వైరింగ్. ఎక్కువ టైం తినేది ఇదే. వీగాండ్ రీడర్‌లో, అంటే కార్డు నంబరుని రెండు డేటా వైర్ల మీద పంపే మామూలు రకంలో, ముఖ్యమైన వైర్లు నాలుగు: ఎరుపు 12 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డేటా జీరో, తెలుపు డేటా వన్. మామూలుగా రంగులివే, అయినా రీడర్ వెనక స్టిక్కర్ చూడందే నమ్మకండి. మల్టీమీటర్ డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ కంట్రోలర్ గ్రౌండ్ మీద ఉంచండి. కార్డు పెట్టకుండా ఆకుపచ్చ మీదా తెలుపు మీదా దాదాపు 5 వోల్టులు కనబడాలి. కార్డు పెట్టినప్పుడు మీటరు కదల్లేదని కంగారు పడకండి. ఒక్కో పల్స్ దాదాపు 50 మైక్రోసెకన్లే ఉంటుంది, మీటరుకు అది అందదు. ఏదైనా వైరు సున్నా చూపిస్తే దాన్ని కంట్రోలర్ దగ్గర విప్పి, ఖాళీ టెర్మినల్ కొలవండి. అక్కడ 5 వస్తే పోర్టు బాగానే ఉంది, లోపం కేబుల్‌లోనో రీడర్‌లోనో. ఏది అన్నది తేలాలంటే రీడర్‌నే ప్యానెల్ (కంట్రోలర్ ఉన్న డబ్బా) దగ్గరికి తెచ్చి అర మీటరు వైరుతో కలపండి. పనిచేస్తే కేబుల్ మార్చండి, రీడర్ కాదు.

రీడర్‌కి విడిగా అడాప్టర్ పెట్టారా? ఆ అడాప్టర్ మైనస్‌ని కంట్రోలర్ గ్రౌండ్‌తో కలిపారా? కలపకపోతే బీప్ వస్తుంది, లైటు వెలుగుతుంది, డేటా మాత్రం చేరదు. వాచ్‌మన్ చేతిలో ఫోనుంది, లైను లేదు.

డేటా జీరో, డేటా వన్ తారుమారైతే ఇంకా తమాషా. వాచ్‌మన్ అవునన్న చోటల్లా కాదని చెప్పినట్టు, సున్నాలన్నీ ఒకట్లు, ఒకట్లన్నీ సున్నాలు అవుతాయి. మామూలుగా కార్డు నంబరు 26 బిట్లుగా, అంటే 26 సున్నాలూ ఒకట్లుగా వెళ్తుంది. వాటిలో మొదటి 13లో ఒకట్లు సరి సంఖ్యలో, తర్వాతి 13లో బేసి సంఖ్యలో ఉండాలి. 13 బేసి కాబట్టి తిరగేస్తే రెండు లెక్కలూ తప్పుతాయి. ఈ సరి-బేసి లెక్కనే పారిటీ అంటారు, అది చూసే కంట్రోలర్ ఆ నంబరుని పారేస్తుంది. చూడనిదైతే లాగ్‌లో ఎవరిదో తెలియని నంబరు వస్తుంది.

ఇక వాచ్‌మన్‌కి తిండి, అంటే రీడర్‌కి పవర్. కరెంటు ఉన్నంతసేపు తలుపుని పట్టుకునే మ్యాగ్నెటిక్ లాక్ దాదాపు అర ఆంపియర్ తీసుకుంటుంది. రీడర్ కోసం వేసిన లాన్ కేబుల్లోనే ఒక జతను లాక్‌కి వాడేసి, అదే జత మీద రీడర్‌కీ పవర్ ఇస్తుంటారు. లాన్ కేబుల్లో ఉండే 24 గేజ్ రాగి తీగ మీటరుకు 0.084 ఓమ్. 50 మీటర్లు పోయి రావాలంటే 100 మీటర్లు, 8.4 ఓములు. అర ఆంపియర్‌కి 4.2 వోల్టులు దారిలోనే పోతాయి! 12 కాస్తా 7.8 అయ్యాక రీడర్ తిక్క తిక్కగా చేయక ఏం చేస్తుంది? లాక్‌కి విడిగా 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే అదే దూరానికి పోయేది 1 వోల్టు లోపే. కొలిచేటప్పుడు కూడా లాక్ ఆన్‌లో ఉండగా, రీడర్ దగ్గర కొలవండి. ప్యానెల్ దగ్గర కొలిస్తే ఎప్పుడూ 12 చూపిస్తుంది, మనశ్శాంతికి తప్ప దేనికీ పనికిరాదు.

[స్క్రీన్ మీద: కార్డు దగ్గరి షాట్, 0012345678 188,24910]

రెండోది, నంబరు తేడా. 125 కిలోహెర్ట్జ్ కార్డుల మీద ఇలా రెండు నంబర్లుంటాయి. రెండూ ఒకటే! 188ని 65536తో గుణించి 24910 కలపండి, 12345678 వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లకు మొదటిది కావాలి, కొన్నింటికి 188, 24910 కలిపి 18824910. తప్పుది ఎక్కిస్తే ఓనరు దగ్గర వేరే పేరున్నట్టే. మైఫేర్ కార్డుల్లో (13.56 మెగాహెర్ట్జ్ రకం) అయితే కొన్ని రీడర్లు బైట్లను వెనక నుంచి చదువుతాయి. అందుకే టేబుల్ మీది యూఎస్‌బీ రీడర్‌ని నమ్మకుండా, తలుపు దగ్గరి రీడర్ మీదే కార్డు పెట్టి, లాగ్‌లో పడ్డ నంబరునే ఎక్కించండి. రీడర్ 34 బిట్లలో పంపుతుంటే కంట్రోలర్‌లోనూ 34 పెట్టాలి.

అసలు బీప్ కూడా రాకపోతే? పవర్ చూశాక కార్డు రకం చూడండి. 13.56 మెగాహెర్ట్జ్ కార్డుని 125 రీడర్ గుర్తుపట్టదు. పర్సులో రెండు కార్డులుంటే ఒకటి బయటికి తీయండి. అల్యూమినియం ఫ్రేము మీద బిగించి ఉంటే వెనక ప్లాస్టిక్ స్పేసర్ వేయండి, రేంజ్ పెరుగుతుంది.

టైం అయిపోతోంది, మూడోది, అంటే రిలే, తాళం, గబగబా. గ్రాంటెడ్ వచ్చినప్పుడు రిలే టిక్‌మనాలి. మ్యాగ్నెటిక్ లాక్ వైర్లు రిలే కామన్, ఎన్‌సీ (మామూలప్పుడు కలిసి ఉండే) టెర్మినళ్ళ మీదే ఉండాలి. లాక్ దగ్గర వోల్టేజీ సున్నాకి పడకపోతే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు. లాక్‌లో రక్షణ లేకపోతే 1ఎన్4007 డయోడ్‌ని లాక్ ప్లస్, మైనస్‌ల మధ్య అడ్డంగా వేయండి, వెండి గీత ప్లస్ వైపు. ఎగ్జిట్ బటన్‌తో తెరుచుకుంటే లాక్ బాగున్నట్టే. ఆ బటన్ నేరుగా లాక్ పవర్‌ని తెంపేలా వేసి ఉంటే మాత్రం రిలే సంగతి తేలినట్టు కాదు.

వీగాండ్ కాకుండా ఓఎస్‌డీపీ రీడర్ (ఏ, బీ అనే రెండు వైర్ల మీద కంట్రోలర్‌తో మాట్లాడే రకం) అయితే ఏ, బీ వైర్లు తారుమారయ్యాయేమో, రెండు రీడర్లకి ఒకే అడ్రస్ ఉందేమో, బాడ్ రేట్ (డేటా వేగం) కలిసిందో లేదో చూడండి. పొడవాటి లైనుకి రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్. ఇక కరెంటు పోయి వచ్చాక అందరికీ ఒకేసారి డినైడ్ వస్తుంటే, వైర్లు ముట్టుకోకముందే కంట్రోలర్‌లో తేదీ, టైం చూడండి. గడియారం పాత తేదీకి వెళ్ళిపోయి ఉంటే లోపలి బటన్ సెల్ మార్చాలి.