రెండు నిమిషాల పది సెకన్ల కాకి

హోస్ట్: అక్కా, రికార్డింగ్ మొదలైంది. వెనకాల ఏదో హోరు వస్తోంది, ఫ్యాన్ కాసేపు ఆపుతారా?

గెస్ట్: సీలింగ్ ఫ్యాన్ ఎప్పుడో ఆపేశానయ్యా. అది కంప్యూటర్ ఫ్యాన్. రెండో సినిమా రెండర్ అవుతోంది, అంటే కంప్యూటర్ ఒక్కో బొమ్మనీ లెక్కేసి తయారుచేస్తోంది, 118వ బొమ్మ మీద ఉంది. దాన్ని మాత్రం ఆపమనకు.

హోస్ట్: సరే, ఆ హోరు కూడా ఎపిసోడ్‌లో భాగమే. వినేవాళ్ల కోసం చెప్తున్నా. అక్క ఉండేది రాజమండ్రిలో. పగలు రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. రాత్రిళ్లు పడగ్గదిలో కూర్చుని ఓ యానిమేషన్ సినిమా తీశారు. మేడ మీద వడియాలు, ఎత్తుకుపోయే కాకి, కర్ర పట్టుకుని కాపలా కాసే అమ్మమ్మ. అంతే కథ. ఎంత కాలం పట్టిందక్కా?

గెస్ట్: పద్నాలుగు నెలలు. సినిమా రెండు నిమిషాల పది సెకన్లు.

హోస్ట్: దీనికి పెద్ద కంప్యూటర్ కావాలంటారు కదా?

గెస్ట్: నాది మా తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్‌హ్యాండ్‌ది. 16 జీబీ ర్యామ్, 4 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. ఇప్పటి గేమింగ్ పిల్లలకి చూపిస్తే నవ్వుతారు. కానీ 1986లో ఎరిక్ గ్రాహమ్ అనే ఆయన అమిగా అనే ఇంటి కంప్యూటర్ మీద అద్దాల్లా మెరిసే మూడు బంతులు ఎగరేసే బొమ్మ చేశాడు. ఒక్కో ఫ్రేముకి, అంటే కదలికలోని ఒక్కో విడి బొమ్మకి, దాదాపు గంట పట్టింది. మొత్తం చేసింది 24 ఫ్రేములే. కానీ చివరి ఫ్రేము మొదటిదానికి అతుక్కుంటుంది కాబట్టి ఆ బంతులు ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటాయి. నాకు నచ్చింది ఆ తెలివి. మిషన్ ఎంత ఇస్తుందో చూసుకుని, దానికి సరిపడా ఆలోచించాడు.

హోస్ట్: ఈమధ్య లాత్వియా వాళ్ల పిల్లి సినిమాకి ఆస్కార్ వచ్చింది కదా, అదీ మీరు వాడే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే చేశారట.

గెస్ట్: 2025లో. నిజమే, బ్లెండరే. కానీ దాన్ని చూపించి "చూశారా, ఇంట్లో కూర్చుని ఆస్కార్ కొట్టారు" అని వీడియోలు పెడుతుంటారు, ఒళ్లు మండుతుంది. దాని వెనక మూడు దేశాల టీమ్ ఉంది, లక్షల యూరోల ఖర్చుంది. మనకి కలిసింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అదీ చిన్న విషయం కాదులే. 2002లో దాన్ని అమ్మే కంపెనీ మూతపడితే, వాడేవాళ్లందరూ చందాలేసుకుని లక్ష యూరోలు పోగుచేసి విడిపించుకున్నారు. అందుకే ఇవాళ నేను పైసా కట్టకుండా వాడుకుంటున్నా.

హోస్ట్: మరి మీ మిషన్ ఎక్కడ మొరాయించింది?

గెస్ట్: వడియాల దగ్గరే! ముందు సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. తడిగా ఉన్నప్పుడు ఎండ వాటిలోంచి దూరి మెరుస్తుంది కదా, అది కావాలని నా ఆశ. వెలుతురు లోపలికి దూరే వస్తువంటే కంప్యూటర్‌కి లెక్క పెరిగిపోతుంది. ఒక్క ఫ్రేముకి పది నిమిషాలు పట్టింది. సెకనుకి 24 చొప్పున నాకు 3,120 ఫ్రేములు కావాలి. మిల్లులో కాలిక్యులేటర్ తీసి కొట్టి చూస్తే 520 గంటలు. ఆపకుండా నడిపినా ఇరవై ఒక్క రోజుల పైమాట.

హోస్ట్: కరెంటు బిల్లు!

గెస్ట్: బిల్లు సంగతి తర్వాత, అసలు కరెంటుండాలి కదా. సరే, గుమ్మడి వడియాలకి మారిపోయాను. మొద్దుగా, మట్టి ముద్దల్లా ఉంటాయి, వెలుతురు పైనే ఆగిపోతుంది. అవి నాలుగు వందలు పరిచేసరికి కార్డులో మెమరీ చాల్లేదని ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, నాలుగు వందలు విడివిడిగా పెట్టకూడదని. ఐదు రకాలు చేసి, వాటినే తిప్పి, ఒరిగించి, మళ్లీ మళ్లీ వాడమని చెప్పాలి. అప్పుడు మెమరీలో ఐదే ఉంటాయి. మా అమ్మ చూసి "సగ్గుబియ్యం వడియాలేవే?" అంది. ఏం చెప్పను?

హోస్ట్: అప్పుడు పది నిమిషాలు తగ్గాయా?

గెస్ట్: నాలుగుకి దిగింది. ఇంకోటి చేశాను. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములసేపు నిలబెట్టాను. అంటే సెకనుకి పన్నెండు బొమ్మలే. చేత్తో గీసేవాళ్లు ఎప్పటినుంచో చేసే పనే ఇది. మొత్తం 1,560 బొమ్మలు, 104 గంటలు. కాకపోతే కెమెరా కదిపితే కుదుపు తెలిసిపోతుంది. అందుకే నా సినిమాలో కెమెరా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఎవరో అది మంచి స్టైల్ అని మెచ్చుకున్నారు. నేనేం మాట్లాడలేదు.

హోస్ట్: (నవ్వు) కాకి మాత్రం నిజం కాకిలాగే ఉందక్కా.

గెస్ట్: మొదటి కాకిని చూడాల్సింది, లిఫ్ట్‌లా పైకి లేచి కిందికి దిగేది. అప్పుడు పిట్టగోడ మీద అన్నం మెతుకులు పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీశాను. అది తిండి వైపు తిన్నగా రాదు. పక్కవాటుగా గెంతుతుంది, పారిపోవడానికి దారి ఉంచుకుని. ఒక కంటితో మెతుకుని చూస్తుంది, తల తిప్పి మళ్లీ అదే కంటితో మనల్ని చూస్తుంది. కాకాసురుడి కథ ఊరికే పుట్టలేదు. గెంతే ముందు మోకాళ్లు వంచి ఓ క్షణం కుదురుకుంటుంది. నేను వదిలేసింది అదే. ఆ వంగడానికి రెండు బొమ్మలు ఇచ్చాను, కాకికి బరువొచ్చేసింది. పద్నాలుగు నెలల్లో నాకు బాగా సంతోషమేసిన రాత్రి అదే.

హోస్ట్: మరి ఏడ్చిన రాత్రి?

గెస్ట్: తెలియక రెండర్‌ని తిన్నగా వీడియో ఫైల్‌గా పెట్టాను. మూడో రోజు తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కానీ అది అందుకునే లోపే కంప్యూటర్ ఆరిపోయింది. పొద్దున్నే చూస్తే ఫైల్ తెరుచుకోలేదు. మూడు రోజులదీ పోయింది. అప్పట్నుంచి ఒక్కో ఫ్రేమునీ విడి బొమ్మగానే దాస్తున్నా. ఓవర్‌రైట్ అనే టిక్ తీసేస్తే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఉన్నవాటిని వదిలేసి లేనివే చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఒక్కోసారి సగంలో ఆగిన బొమ్మ ఫైల్ మిగిలిపోతుంది, దాన్ని చేత్తో తీసేయాలి. లేకపోతే అది పూర్తయిందనుకుని దాటిపోతుంది.

హోస్ట్: సౌండ్ కూడా మీరే చేశారా?

గెస్ట్: దుప్పటి కప్పుకుని ఫోన్‌లో రికార్డ్ చేశాను. రెక్కల చప్పుడు విసనకర్రది. అమ్మమ్మ అరుపు మా అమ్మది, ఒక్క టేకే. నిజంగానే నన్ను తిడుతున్నప్పుడు తీశాను. కాకి అరుపు మాత్రం ఎన్నిసార్లు తీసినా మధ్యలో పక్కింటి కుక్కర్ కూత పడేది. చివరికి ఉంచేశాను. మేడ మీద నిలబడితే అదీ వినపడుతుందిగా.

హోస్ట్: ఇంతకీ ఇప్పుడు ఎక్కడికొచ్చింది అక్కా, ఆ రెండోది?

గెస్ట్: ఉండు, చూస్తా... 124. మనం కబుర్లు మొదలెట్టాక ఆరు బొమ్మలు అయ్యాయి.

హోస్ట్: అంటే ఎంత సినిమా?

గెస్ట్: అర సెకను.