ఆక్సిజన్ మండదు

అందరికీ నమస్కారం. మైకు ఇచ్చారు కాబట్టి ఎలాగూ మాట్లాడతాను. ముందు ఈ గాజు గ్లాసు కేసి చూడండి. ఇందులో నాలుగు పచ్చి బంగాళాదుంప ముక్కలున్నాయి. వాటి మీద మందుల షాపులో కొన్న హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తున్నాను. నురగ పొంగుతోంది కదా. ఇప్పుడు అగరుబత్తి వెలిగించి, మంట ఊదేసి, నిప్పు కొన మాత్రం గ్లాసులోకి దించుతాను. చూశారా, ఎలా రాజుకుందో!

ఆ నురగ నిండా ఆక్సిజనే. బంగాళాదుంపలో కేటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పెరాక్సైడ్‌ని అది నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. మన రక్తంలోనూ ఆ ఎంజైము ఉంది, అందుకే దెబ్బ మీద ఈ మందు వేస్తే బుసబుసా పొంగుతుంది. సీసా మీద '20 వాల్యూమ్స్' అని ఉందే, ఒక మిల్లీలీటరు మందు నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని దాని అర్థం.

ఒక్కటి గమనించండి. మండింది అగరుబత్తి, ఆక్సిజన్ కాదు. ఆక్సిజన్ తనంతట తాను మండే వాయువని చాలామంది అనుకుంటారు. అది మండదు, పక్కవాళ్లని మండిస్తుంది. నమ్మకపోతే ఏదైనా గ్యాస్ కటింగ్ షాపుకి వెళ్లండి, నల్లద్దాలు పెట్టుకునే చూడండి. కుర్రాడు ముందు మంటతో ఇనప రేకుని ఎర్రగా కాలుస్తాడు. తర్వాత చేతిలో ఉన్న లీవరు నొక్కుతాడు. అప్పుడు ధారగా వచ్చేది ఒట్టి ఆక్సిజన్. ఎర్రబడిన ఇనుము ఆ ధారలో కాలిపోయి, ఆక్సైడుగా మారి, రవ్వలు రవ్వలుగా కింద రాలుతుంది. ఇనుము కరిగి తెగిందని మనం అనుకుంటాం కానీ, అది కాలి తెగింది. వాన నీళ్లకి గేటు తుప్పు పట్టడం కూడా ఇలాంటి పనే, కాకపోతే తీరిగ్గా జరుగుతుంది. ఆ షాపు వాళ్లే ఇంకో మాట చెబుతారు: ఆక్సిజన్ రెగ్యులేటరుకి నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. మర బిగుసుకుందని చుక్క నూనె వేశారా, సిలిండరు తెరవగానే భగ్గుమనొచ్చు.

దీని పేరు సంగతీ చెప్పాలి. 1774 ఆగస్టు 1న ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్త, ఎర్రటి పాదరస ఆక్సైడు మీదికి పెద్ద భూతద్దంతో ఎండ పట్టి ఈ వాయువుని రాబట్టాడు. స్వీడన్‌లో షీలే అంతకు ముందే తీశాడు గానీ, పుస్తకం అచ్చవడం ఆలస్యమైంది. పేరు పెట్టింది మాత్రం పారిస్‌లో లవోయిజర్. ఆమ్లాలన్నిటికీ మూలం ఇదేనని నమ్మి, గ్రీకులో 'ఆమ్లాన్ని పుట్టించేది' అనే అర్థం వచ్చేట్టు పెట్టాడు. తర్వాత, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని డేవీ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది. మనవాళ్లు దాన్ని 'ఆమ్లజని' అని తెలుగు చేసుకున్నారు, పొరపాటుతో సహా! 'ప్రాణవాయువు' నాకు ఇష్టమైన మాటే. కానీ ఆవకాయ జాడీలో పైన నూనె తేలేట్టు ఎందుకు చూస్తాం? ఈ ప్రాణవాయువు లోపలికి పోతే బూజుకి ప్రాణం వస్తుందని. వంకాయ ముక్కల్ని తరిగిన వెంటనే ఉప్పు నీళ్లలో వేసేదీ దీని నుంచి దాచడానికే.

దీని స్వభావమంతా రెండు ఎలక్ట్రాన్లలో ఉంది. ఆక్సిజన్ పరమాణువుకి బయటి కక్ష్యలో ఆరున్నాయి, ఎనిమిది కావాలి. ఆ రెండూ ఎవరి దగ్గర దొరికినా లాక్కుంటుంది. సరే, చుట్టూ గాలిలో 21 శాతం ఇదే కదా, మరి ఈ కుర్చీలూ మనమూ ఇప్పుడే ఎందుకు అంటుకోవడం లేదు? చాలా ఏళ్లు పాఠం చెప్పినా నాకు ఇప్పటికీ ముచ్చటేసే విషయం ఇది. ఆక్సిజన్ అణువులో రెండు ఎలక్ట్రాన్లు జత లేకుండా విడివిడిగా ఉంటాయి. మిగతా పదార్థాల్లో దాదాపు అన్నీ జతలే. జంటగా ఉన్నవాటిని ఆక్సిజన్ ఒక్క ఊపున తీసుకోలేదు. పని మొదలవ్వాలంటే ఒక అగ్గిపుల్ల కావాలి, లేదా మన ఒంట్లో ఉన్నట్టు ఎంజైములు కావాలి. దీనికి రుజువు కంటికి కనిపిస్తుంది. మైనస్ 183 డిగ్రీలకి చల్లబరిస్తే ఆక్సిజన్ లేత నీలం ద్రవమవుతుంది. దాన్ని బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే, జత లేని ఆ ఎలక్ట్రాన్ల వల్ల, కింద పడకుండా అక్కడే వేలాడుతుంది. ద్రవ నత్రజని పోస్తే జారిపోతుంది.

ఆ నీలం ద్రవం కోసమే 2021 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, దేశమంతా విశాఖ కేసి చూసింది. మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏడు ట్యాంకర్లతో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ నుంచే మహారాష్ట్రకి బయల్దేరింది. ఉక్కు ఫ్యాక్టరీకి ఆక్సిజన్ ఎందుకంటారా? కరిగిన ఇనుములో సుమారు 4 శాతం కార్బన్ ఉంటుంది. ఆక్సిజన్ ఊది దాన్ని కాల్చేస్తేనే ఉక్కు. ద్రవంగానే ఎందుకు మోసుకెళ్లారంటే, ఒక లీటరు ద్రవం 850 లీటర్లకి పైగా వాయువవుతుంది.

ఇక చెరువులు. భీమవరంలో నిలబడి ఇది నేను చెప్పడం కొంచెం ఎక్కువే, మీలో సగం మంది రోజూ డీవో మీటరు, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే పరికరం, చూసేవాళ్లే. అయినా ఈ లెక్క వినండి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి నుంచి లీటరు మంచినీటిలోకి కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. చేపకైనా రొయ్యకైనా బతుకంతా ఆ కొంచెంలోనే. పగలు నీటిలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు కూడా పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, మబ్బు పట్టిన మర్నాడు మరీను. ఏరియేటరు రెక్కలు నీళ్లని చిందించి తుంపర్లు చేస్తాయి కదా, ఆ తుంపర్లన్నిటి ఒళ్లూ గాలికి తగులుతుంది, ఆక్సిజన్ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది.

కరెంటు పోయి, జనరేటరు మొరాయిస్తే చెరువులో చల్లే ఆక్సిజన్ బిళ్లలున్నాయే, చాలావాటిలో ఉండేది సోడియం పెర్‌కార్బొనేట్. నీళ్లలో పడగానే దాని నుంచి వచ్చేది ఇందాక గ్లాసులో పోసిన హైడ్రోజన్ పెరాక్సైడే. నురగ ఇంకా అణగలేదు. ముందు వరుసలో పిల్లలెవరైనా వచ్చి అగరుబత్తి పట్టుకుంటారా?