నెట్ బాగానే ఉంది, మరి ఆట ఎందుకు జర్కు కొడుతోంది?

[తెర మీద: ఎండాకాలం మధ్యాహ్నం. పెంకుటింటి అరుగు. చార్జర్‌కి తగిలించిన ఫోను, దాని మీద వంగిన రెండు చేతులు. ముఖం కనపడదు.]

"అన్నయ్యా, మీ ఊరి నెట్టంత దిక్కుమాలిన నెట్టు ఎక్కడా చూళ్ళేదు."

ఈ మాటన్నది మా పిన్ని కొడుకు. సెలవులకి నరసాపురం నుంచి పంటు (బండ్లనీ మనుషుల్నీ అవతలి ఒడ్డుకి చేర్చే బల్లకట్టు) మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఇదే పాట. బాటిల్ రాయల్ (అందరూ కొట్టుకుని ఆఖరికి మిగిలినవాడు గెలిచే ఆట) ఆడతాడు. మొదటి పావుగంట బ్రహ్మాండంగా ఉంటుంది. ఆఖరి సర్కిల్‌కి వచ్చేసరికి, సరిగ్గా అరచేతులు చెమట పట్టే టైముకి, తెర జర్కు కొడుతుంది. ఎదుటివాడు కొట్టేస్తాడు. తప్పు నెట్టుది. నెట్టు మా ఇంటిది. కాబట్టి తప్పు నాది.

సరే అని పక్కన కూచుని చూశాను. తెర పైన మూల పింగ్, అంటే నెట్టు మీద కబురు వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 40 దగ్గర కదలకుండా ఉంది. ఫోను వెనక చెయ్యి పెట్టాను. అప్పుడే పొయ్యి మీంచి దింపిన అట్లపెనం.

ఇది నెట్టు కాదురా బాబూ.

[టైటిల్ కార్డు]

నమస్కారమండి. మొదలెట్టే ముందు చిన్న పని. ఈ వీడియో సెకనుకి 60 ఫ్రేముల్లో ఎక్కించాను. యూట్యూబ్‌లో ఆ 60 మీకు రావాలంటే క్వాలిటీ 720 గానీ ఆ పైన గానీ ఉండాలి. డేటా అయిపోతుందని 360లో చూస్తున్నవాళ్ళు ఒక్క రెండు నిమిషాలు పెంచుకోండి, తరవాత మళ్ళీ తగ్గించేసుకుందురు గాని.

[తెర మీద: బండి మీంచి తీసిన కాలవగట్టు. పక్కనే వరసగా కొబ్బరిచెట్లు వెనక్కి పోతుంటాయి. తెర రెండు సగాలు: ఎడమ 30, కుడి 60.]

చెట్ల మొదళ్ళు చూడండి. కుడిపక్క చెట్టు జారుకుంటూ పోతోంది. ఎడమపక్క చెట్టు గెంతుకుంటూ పోతోంది. బండి ఒకటే, స్పీడు ఒకటే. ఎడమ సగంలో బొమ్మ విడిచి బొమ్మ తీసేశానంతే.

ఫ్రేమంటే ఒక నిలిచిన బొమ్మ. సెకనుకి 30 బొమ్మలు చూపిస్తే ఒక్కోటీ తెర మీద 33.3 మిల్లీసెకన్లు ఉంటుంది. 60 అయితే 16.7. 120 అయితే 8.3. నా మాట విని ఈ మిల్లీసెకన్ల లెక్కే గుర్తుపెట్టుకోండి, ఫ్రేముల లెక్క కొంచెం మోసం చేస్తుంది. 30 నుంచి 60కి వెళ్తే బొమ్మ బొమ్మకీ 16.7 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 60 నుంచి 120కి వెళ్తే కలిసొచ్చేది 8.3. ఆ తరవాత 240కి ఎగబాకినా దక్కేది నాలుగు మిల్లీసెకన్ల చిల్లర. 240 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొనిపెట్టమని ఇంట్లో పేచీ పెడుతున్న కుర్రాళ్ళు ఈ ముక్క నాన్నగారికి చూపించకండి.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు: "సినిమా సెకనుకి 24 బొమ్మలే కదండీ, అది బాగానే ఉంటుందిగా?" ఆయ్, బాగానే ఉంటుంది. కెమేరాలో ఒక్కో బొమ్మా పడేటప్పుడు షట్టర్ కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. ఆ కాసేపట్లో కదిలిన చెయ్యి, పరిగెత్తిన కాలు బొమ్మలోనే అలుక్కుపోతాయి. ఆ అలుకుడు చూసి కన్ను కదలికని పూరించేసుకుంటుంది. ఆటలో ఒక్కో బొమ్మా శిల చెక్కినట్టు కరుగ్గా పడుతుంది. అలికినట్టు కనపడే ఏర్పాటు చాలా ఆటల్లో ఉంటుంది గానీ, అది లెక్కకట్టి పూసిన పూత.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. సినిమాలో హీరో మీరు చెప్తే తిరగడు. ఆటలో మీ బొటనవేలు తిరగమంటే వాడు తిరగాలి. వేలు తాకడం, ఆట ఆ తాకుడిని లెక్కలోకి తీసుకోవడం, చిప్పు బొమ్మ గీయడం, అది తెర మీదకి రావడం, ఇన్ని మజిలీలున్నాయి. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి బొమ్మల లెక్క, పడిపోతే ఈ దారంతా సాగుతుంది. అందుకే 30లో ఆడేవాడు "జర్కుగా ఉంది" అనడు. "బరువుగా ఉంది, చెప్పిన మాట వినట్లేదు" అంటాడు. కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది.

[తెర మీద: సఖినేటిపల్లి రేవు. వసిష్ఠ గోదావరి. బండ్లు ఎక్కుతున్న పంటు.]

ఇప్పుడు అసలు విషయం. దీనికి పంటుని మించిన ఉపమానం నాకు దొరకలేదు.

మీ తెర 60 హెర్ట్జ్‌ది అనుకోండి. అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకీ ఒక పంటు ఒడ్డు వదులుతుంది. ఎవరొచ్చినా రాకపోయినా టైముకి వదులుతుంది. చిప్పు గీసిన బొమ్మ ఆ పంటు ఎక్కి మీ కంటికి చేరాలి. బొమ్మ 16 మిల్లీసెకన్లలో తయారైందా, ఎక్కేసింది. 17 పట్టిందా, పంటు వెళ్ళిపోయింది. ఇంక తరవాతి పంటు దాకా రేవులో నిలబడాల్సిందే. మీ కంటికి పాత బొమ్మే ఇంకోసారి కనపడుతుంది. ఆలస్యం మిల్లీసెకను లోపు, శిక్ష మాత్రం పదహారు మిల్లీసెకన్లు. సెట్టింగుల్లో వీ-సింక్ అని ఉంటుందే, ఆ కట్టుబాటు ఇదే.

ఈ కట్టుబాటు వద్దని వీ-సింక్ తీసేస్తే? బండి ముందు చక్రం పంటు మీద, వెనక చక్రం రేవులో ఉండగా పంటు కదిలిపోతుంది. తెర పై సగంలో ఒక బొమ్మ, కింద సగంలో ఇంకో బొమ్మ. మనిషి నడుం దగ్గర తెగి పక్కకి జరిగినట్టు కనపడతాడు. టేరింగ్ అంటారు దాన్ని.

మా రేవు తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మన పంటు ఏనాడు గడియారం చూసుకుని కదిలిందండీ, బండ్లు వచ్చేదాకా ఆగుతుంది కదా! ఆగుతుంది. మూడో పద్ధతి సరిగ్గా అదే. బొమ్మ తయారయ్యేదాకా తెరే ఆగుతుంది. గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్‌విడియా 2013లో జీ-సింక్ అని, దాని పోటీదారు ఏఎండీ వాళ్ళు ఆ తరవాత ఫ్రీసింక్ అని తెచ్చినవి ఇవే. అలాగని తెర గంటసేపు ఆగదు. దానికీ ఒక హద్దుంటుంది. చాలా మానిటర్లకి ఆ హద్దు 48 హెర్ట్జ్ దగ్గర. అంతకంటే కిందకి పోతే కొన్నిటిలో మళ్ళీ పాత తంటాలే.

పంటు లెక్క అర్థమైతే ఒక వింత తేలిపోతుంది. 30కీ 60కీ మధ్య ఎంత? 45 అంటాం. మిల్లీసెకన్లలో చూడండి: 33.3కీ 16.7కీ సరిగ్గా మధ్య 25. సెకనులో 25 మిల్లీసెకన్లు ఎన్ని? నలభై. అంటే 40 ఫ్రేములు 60కి సగం దారి. అయితే 60 హెర్ట్జ్ తెర మీద 40 పెడితే కుదరదు. ఒక బొమ్మ ఒక పంటు సేపు, తరవాతి బొమ్మ రెండు పంట్ల సేపు, కుంటినడక. అదే 120 హెర్ట్జ్ తెర మీదైతే ప్రతి బొమ్మకీ లెక్కగా మూడు పంట్లు. 2021లో ప్లేస్టేషన్ 5లో రాచెట్ అండ్ క్లాంక్ కొత్త ఆటకి 40 ఫ్రేముల మోడ్ ఇచ్చారు, 120 హెర్ట్జ్ టీవీ ఉన్నవాళ్ళకి మాత్రమే. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు.

[తెర మీద: ఒక్కో బొమ్మకీ పట్టిన సేపు చూపే రెండు గీతలు. ఒకటి కాలవ నీళ్ళలా చదునుగా. ఇంకోటి తాటిమట్ట అంచులా రంపం పళ్ళతో.]

ఇక సగటు సంగతి. ఒక సెకనులో 50 బొమ్మలు ఒక్కోటీ 15 మిల్లీసెకన్లలో వచ్చాయి. ముప్పావు సెకను అయింది. మిగతా పావు సెకనంతా ఒక్క బొమ్మే ఇరుక్కుపోయింది. మొత్తం 51. మూలనున్న మీటరు 51 అని గొప్పగా చూపిస్తుంది. ఇంకో ఫోను నిలకడగా 40, ఒక్కోటీ 25 మిల్లీసెకన్లు. ఏది కావాలి మీకు? నేను కళ్ళు మూసుకుని 40 తీసుకుంటాను. ఆ పావు సెకనులోనే కదండీ మావాడు చచ్చేది.

దాళ్వా (రెండో పంట వరి) చేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాలవకి ఇన్ని క్యూసెక్కులు వదిలారని పేపర్లో పడుతుంది. నీళ్ళు తక్కువై వంతులు పెట్టినప్పుడు శివారు పొలానికి తడి అందిందా లేదా అన్నది ఆ అంకెలో కనపడదు. చేను ఎండేది సగటు మీద కాదు, నీళ్ళు రాని రోజుల మీద. అందుకే ఆటల్ని పరీక్షించేవాళ్ళు సగటు పక్కన "1 శాతం లో" అని ఇంకో అంకె వేస్తారు. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన నూటికొక్క బొమ్మ లెక్క. అంటే శివారు పొలం లెక్క. వీడియోల్లో ఎవరైనా సగటు ఒక్కటే చెప్పి దాటేస్తే అనుమానించండి.

సరే, ఆ శివారు ఎందుకు ఎండుతుంది? మన ఇళ్ళల్లో మొదటి కారణం వేడి. ఫోనుకి ఫ్యాను లేదు. దాని ఒళ్ళే దాని రేడియేటరు. చార్జింగ్‌లో పెట్టి ఆడితే బ్యాటరీ వేడి, చిప్పు వేడి రెండూ కలుస్తాయి. పైన రబ్బరు కవరు, అంటే వేసవిలో దుప్పటి. ఒక హద్దు దాటగానే చిప్పు తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బ్రహ్మాండం, తరవాత జర్కులు, ఈ వరస కనపడితే నెట్‌వాడికి ఫోన్ చెయ్యకండి. ఒకాయన ఫ్రిజ్‌లో పెట్టి తీస్తానన్నాడు. వద్దండి బాబూ. చల్లబడ్డ ఫోను మన ఉక్కలోకి వస్తే లోపల చెమ్మ పడుతుంది.

రెండోది కరెంటు. ఒక గాలివాన రోజు నా లాప్‌టాప్‌లో రేసింగ్ ఆడుతుంటే కరెంటు పోయింది. బ్యాటరీ నిండుగా ఉంది కదా అని ఆడుతూనే ఉన్నాను. కారు ఒక్కసారిగా బురదలోకి దిగినట్టు అయిపోయింది. గ్రాఫిక్స్ చిప్పుకి చార్జరు ఇచ్చేన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు, అందుకని లాప్‌టాప్ దాని పీక నొక్కుతుంది. పాడైందనుకుని రిపేరు షాపుకి మోసుకెళ్ళేవాణ్ణే, కరెంటు రాబట్టి సరిపోయింది.

కంప్యూటర్లో ఇంకో రకం జర్కు ఉంటుంది: ఆటలో మొదటిసారి నిప్పు అంటుకున్నప్పుడు ఆగుతుంది, రెండోసారి ఆగదు. వెలుగు, నీడ, నిప్పు లాంటివి గీయడానికి షేడర్లని చిన్న చిన్న ప్రోగ్రాములుంటాయి. గ్రాఫిక్స్ కార్డు కార్డుకీ అవి వేరేగా తయారవ్వాలి. ముందే తయారు చేసి పెట్టుకోని ఆట అయితే, అవసరం వచ్చినప్పుడు అప్పటికప్పుడు వండుకుంటుంది. ప్లేస్టేషన్ లాంటివాటిలో లోపలి చిప్పు అందరికీ ఒకటే కాబట్టి అక్కడ వండి పంపేస్తారు. దీనికి మీరు చేయగలిగింది పెద్దగా లేదు. మొదట్లో "షేడర్లు తయారవుతున్నాయి" అని గీత నడుస్తుంటే విసుక్కోకుండా టీ తాగి రండి.

ఇంతా చెప్పి ఫ్రేములే సర్వస్వం అంటే అబద్ధమాడినట్టే. 1998లో నింటెండో 64కి వచ్చిన జెల్డా ఆకరీనా ఆఫ్ టైమ్ సెకనుకి 20 ఫ్రేములే నడిచేది. ఇప్పటికీ దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఇంకా వెనక్కి వెళ్తే 1978, స్పేస్ ఇన్వేడర్స్. 55 గ్రహాంతర జీవులు వరసలు కట్టి దిగుతుంటాయి. ఆ మెషీన్లోని చిప్పుకి అన్నిటినీ ఒకేసారి జరిపే సత్తువ లేదు, ఫ్రేముకి ఒకదాన్ని జరిపేది. మీరు కొట్టేకొద్దీ జీవులు తగ్గుతాయి, తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా దూసుకొస్తాయి. ఆఖరి ఒక్కటీ పిచ్చెత్తినట్టు పరిగెడుతుంది. తయారు చేసిన నిషికాడో గారు ఆ లోపాన్ని సరిదిద్దకుండా ఉంచేశారు. గుండె దడదడలాడించే ఆట పుట్టింది చిప్పు చేతగానితనంలోంచి.

రెండో కొసన సైబర్‌పంక్ 2077. 2020 డిసెంబరు 10న వచ్చింది. పాత ప్లేస్టేషన్ 4 మీద ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్లోంచి తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్లో. ప్రకటనల్లో బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో గుర్తుందా? ఫోటోలో ఫ్రేమ్ రేటు కనపడదు. నా ఉద్దేశంలో ఈ వ్యాపారంలోని జబ్బంతా అక్కడే ఉంది.

[తెర మీద: మళ్ళీ అరుగు. ఫోను కవరు పక్కన పడి ఉంటుంది. చార్జరు లేదు.]

మావాడి ఫోను 120 హెర్ట్జ్ తెర. ఆటలో వాడు పెట్టుకున్నది 90. "40కి దింపరా" అన్నాను. కాళ్ళు కట్టేసుకుని పరిగెత్తమన్నట్టు చూశాడు. "తగ్గిస్తే ఇంకా జర్కు కొడుతుంది కదా అన్నయ్యా!" ముందు 60 పెట్టి చూశాం. అరగంటకి పెనం మళ్ళీ కాలింది. 40కి దింపాం, గ్రాఫిక్స్ తేలికైన 'స్మూత్'లో పెట్టాం, కవరు పీకేశాం, ఫోను నిండా చార్జి చేసి తీగ తీసేశాం. మొదటి మ్యాచ్‌లో "బరువుగా ఉంది" అని సణిగాడు. నిజమే, 90తో పోలిస్తే బరువే. మూడో మ్యాచ్‌కి సణుగుడు ఆగింది. ఆఖరి సర్కిల్లో గీత చదునుగానే ఉంది. చచ్చిపోయాడు లెండి, గడ్డిలో పడుకున్నవాణ్ణి చూసుకోలేదు. నెట్టు ఊసెత్తలేదు.

సాయంత్రం వాణ్ణి రేవులో దింపడానికి బయల్దేరాం. ఇంకొక్క మ్యాచ్, ఇంకొక్క మ్యాచ్ అని ఆలస్యం చేశాడు. మేం రేవు దిగేసరికి పంటు తాడు విప్పేశారు. పంటుకీ ఒడ్డుకీ మధ్య నాలుగు గజాల నీళ్ళు.

"అన్నయ్యా, వీ-సింకు!"

"వీ-సింకు కాదురా, నీ ఆఖరి మ్యాచ్."

[తెర మీద: అవతలి ఒడ్డుకేసి పోతున్న పంటు. 60 ఫ్రేముల్లో.]