శాలీ పిన్ని మంచిదే

సభకు నమస్కారం.

ముందుగా ఒక చిన్న సంభాషణ వినిపిస్తాను. హక్ అనే పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రవాడు ఒక పల్లెటూరి ఇంటికి వస్తాడు. ఆ ఇంటి ఇల్లాలు శాలీ అతన్ని తన అక్క కొడుకు టామ్ అనుకుని, ఎదురొచ్చి కావలించుకుని, స్టీమరు ఎందుకింత ఆలస్యమైందని అడుగుతుంది. కుర్రవాడు అప్పటికప్పుడు ఏదో ఒక అబద్ధం అల్లాలి. ఇంజనులో సిలిండర్ పేలిందంటాడు.

“అయ్యో! ఎవరికైనా దెబ్బలు తగిలాయా?”

“లేదండీ. ఒక నల్లవాడు చచ్చాడు.”

“పోనీలే, అదృష్టం. ఒక్కోసారి మనుషులకు కూడా తగులుతుంటాయి.”

మార్క్ ట్వేన్ రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో ముప్ఫై రెండో అధ్యాయం ఇది. నేను ఈ నవలను మొదట నండూరి రామమోహనరావుగారి తెలుగులో చదివాను. మిసిసిపీ నది, తెప్ప, రాత్రిపూట ఒడ్డున మినుకుమినుకుమనే దీపాలు, అవే గుర్తుండిపోయాయి. పెద్దయ్యాక ఇంగ్లీషులో చదువుతుంటే ఈ మూడు మాటల దగ్గర చెయ్యి ఆగిపోయింది, పేజీ తిప్పలేకపోయాను.

ఎందుకంటే శాలీ పిన్ని చెడ్డ మనిషి కాదు. పారిపోయి వచ్చిన జిమ్ అనే బానిసను ఆమె ఇంటి వెనక గుడిసెలో గొలుసులతో కట్టేసి ఉంచుతారు. ఆమె భర్త రోజు విడిచి రోజు వచ్చి అతనితో కలిసి ప్రార్థన చేస్తాడు. ఆమె వచ్చి, కడుపునిండా తింటున్నాడా, సుఖంగా ఉన్నాడా అని కనుక్కుంటుంది. గొలుసు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం 19వ శతాబ్దపు అమెరికా నవలల్లో జాతి వివక్ష. కొరడా పట్టుకున్న దుర్మార్గుల గురించి చెప్పుకోవడం తేలిక. వాళ్ళను నాలుగు తిట్లు తిట్టి, మనసు తేలిక చేసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. నన్ను వెంటాడేది ఆ నవలల్లోని మంచివాళ్ళు.

ఆ జిమ్‌తో కలిసి తెప్ప మీద నది దిగుతూ వచ్చిన హక్ సంగతే చూడండి. దీనికి ముందు అధ్యాయంలో అతను జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి తెలియజేస్తూ ఉత్తరం రాస్తాడు. ఒకరి ఆస్తిని దొంగిలించి తీసుకుపోవడం పాపమని అతనికి నేర్పారు కదా, ఉత్తరం రాయగానే పాపం కడిగేసుకున్నంత హాయిగా అనిపిస్తుంది. అంతలో తెప్ప మీద రాత్రులు గుర్తొస్తాయి. తన వంతు కాపలా అయ్యాక కూడా, హక్‌ను నిద్ర లేపడం ఇష్టంలేక, అతని వంతు కూడా తనే మేలుకుని కాచిన జిమ్ గుర్తొస్తాడు. “సరే, నరకానికే పోతాను” అని ఉత్తరం చింపేస్తాడు. ఇందులో మంచి హృదయం, వంకరపోయిన అంతరాత్మ ఢీకొన్నాయనీ, ఓడిపోయింది అంతరాత్మేననీ ట్వేన్ తరవాత తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అంతరాత్మ చెప్పినట్టు నడుచుకోమని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళం మనం. ఇక్కడ ఆ అంతరాత్మకే బానిస యజమానులు పాఠం చెప్పి పంపారు.

అదే హక్, ఆ మరుసటి అధ్యాయంలోనే, తన అబద్ధానికి కాస్త నిజం రంగు పులమడానికి ఒక నల్లమనిషిని చంపేస్తాడు. శాలీ పిన్ని నమ్మే భాషలో మాట్లాడాడంతే అంటారు కొందరు విమర్శకులు. కావచ్చు. నాకు మాత్రం అతను ఆలోచించనే లేదనిపిస్తుంది. జిమ్ ఒక్కడి కోసం నరకానికి సిద్ధపడినవాడికి, ఆ ఊహల్లోని చచ్చినవాడు కూడా ఒక జిమ్ అని తట్టలేదు.

ఇందాక నేను ‘నల్లవాడు’ అన్నాను. మూలంలో ఉన్నది ఆ మాట కాదు, ఒక తిట్టు. నవలలో అది 200 సార్లకు పైగా వస్తుంది. దాన్ని తెలుగులోకి తేవాలంటే రంగు పేరు సరిపోదు, కులం పేరు పెట్టి తిట్టే మాటలాంటిది కావాలి. అలాంటివి మన భాషలో లేక కాదు, సభలో నోరు రాక ఆగాను. 2011లో అమెరికాలో ఆ తిట్టు తీసేసి, బదులుగా ‘బానిస’ అని పెట్టి ఒక ప్రతి అచ్చువేశారు. బడిపిల్లల కోసమేనట. ఉద్దేశం మంచిదే, అయితే పనికిరాదు. హక్ తండ్రి తప్పతాగి ఒహాయో నుంచి వచ్చిన ఒక నల్ల ప్రొఫెసర్‌ను తిట్టిపోసే ఘట్టం ఉంది. ఆ ప్రొఫెసర్‌కు ఎన్నో భాషలు వచ్చు, తన రాష్ట్రంలో ఓటు కూడా ఉంది. అతను స్వతంత్రుడు, ఎవరికీ బానిస కాడు. ఆ తాగుబోతు కడుపుమంటంతా అదే.

ఇంకో సంగతి. బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది. ట్వేన్ 1876లో ఈ నవల మొదలుపెట్టి, మధ్యలో పక్కన పడేసి, 1883లో ముగించాడు. ఈ మధ్యలో, 1877లో, దక్షిణాది నల్లవాళ్ళకు రక్షణగా ఉన్న సైన్యాన్ని ప్రభుత్వం వెనక్కి పిలిచింది. రైళ్ళలో, నాటకశాలల్లో, సత్రాల్లో వివక్ష కూడదన్న 1875 నాటి చట్టాన్ని 1883లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నవలలోని కాలం అంతకు నలభై ఏళ్ళ కిందటిది. చదివేవాళ్ళు మాత్రం అప్పటి శాలీ పిన్నులే.

ట్వేన్‌ను నెత్తిన పెట్టుకోమనడం లేదు. చివరి అధ్యాయాల్లో శాలీ అక్క కొడుకు టామ్ సాయర్ నిజంగానే వచ్చి, జిమ్‌కు అప్పటికే విముక్తి వచ్చిందని తెలిసి కూడా ఆ సంగతి దాచి, గుడిసెలోకి ఎలుకల్నీ పాముల్నీ తెచ్చి వదిలి ఆట ఆడుకుంటాడు. చేతికొచ్చిన స్వేచ్ఛను నల్లవాళ్ళకు దక్కనివ్వని ఆనాటి అమెరికా మీద ఇది వ్యంగ్యమని కొందరి వాదన. ఆ వాదనను నమ్మాలని చాలా ప్రయత్నించాను, పూర్తిగా కుదరలేదు. చెవిటిదైపోయిన తన కూతుర్ని, ఆ సంగతి తెలియక కొట్టానని గుండెలు బాదుకున్న జిమ్, ఇక్కడ పిల్లల చేతిలో బొమ్మ అయిపోతాడు. 2024లో పెర్సివల్ ఎవరెట్ ఈ కథంతా జిమ్ నోటితో తిరిగి చెప్పించాడంటే ఊరికే కాదు.

వెనక్కి వెళదాం. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలని 1850లో చట్టం వచ్చింది. ఆ కోపంతో హారియెట్ బీచర్ స్టో రాసిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ 1852లో వెలువడి, మొదటి ఏడాదే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. కన్నీళ్ళ సంగతి అందరూ చెబుతారు. నేను ఒఫీలియా గురించి చెబుతాను. ఉత్తరాది నుంచి వచ్చిన ఆవిడకు బానిసత్వం అంటే మంట. అయితే టాప్సీ అనే నల్లపిల్లను ముట్టుకోలేదు. ఆ సంగతి పిల్లకు తెలుసు, నన్ను తాకడం కన్నా కప్పను తాకడం ఆవిడకు నయం అంటుంది. ముట్టుకోకపోవడం అంటే ఏమిటో ఈ సభకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. మీకు వాళ్ళ కష్టాలు చూస్తే కోపం వస్తుంది, వాళ్ళను మాత్రం కంటికి కనబడకుండా ఆఫ్రికాకు పంపేస్తారు అని ఒఫీలియాను ఆమె బంధువు ఎత్తిపొడుస్తాడు. తమాషా ఏమిటంటే, నవల చివర స్టో కూడా తన తెలివైన నల్ల కథానాయకుణ్ణి లైబీరియాకే పంపేసింది.

హెర్మన్ మెల్విల్ 1855లో రాసిన ‘బెనీటో సెరీనో’లో మరో మంచివాడు ఉన్నాడు, కెప్టెన్ డెలానో. నల్లవాళ్ళంటే అతనికి ఇష్టం. కొందరికి పెంపుడు కుక్కలంటే ఇష్టం ఉన్నట్టు, అంటాడు మెల్విల్. ఒక ఓడలో బానిసలు తిరగబడి ఓడను తమ చేతుల్లోకి తీసుకున్నారు. వాళ్ళ నాయకుడు బాబో స్పానిష్ కెప్టెన్ గొంతు దగ్గర మంగలికత్తి పెట్టి గడ్డం గీస్తుంటే, వేరే ఓడ నుంచి వచ్చిన, తిరుగుబాటు సంగతి తెలియని డెలానో ఎంత నమ్మకమైన నౌకరో అని మురిసిపోతాడు. నల్లవాడికి ఇంత బుర్ర ఉండగలదని అతనికి తట్టదు.

ఇవన్నీ తెల్లవాళ్ళు రాసినవి. 1859లో హారియెట్ విల్సన్ అనే నల్లజాతి స్త్రీ, జబ్బుపడ్డ కొడుకును బతికించుకోవడానికి నాలుగు డబ్బులు వస్తాయని ఒక నవల అచ్చువేసింది. అందులో ఉన్నది బానిసత్వం లేని ఉత్తరాదిలో ఒక తెల్ల ఇల్లు, అక్కడ దెబ్బలు తింటూ చాకిరీ చేసే ఒక పిల్ల. బానిసత్వాన్ని వ్యతిరేకించే మన మంచి మిత్రులకు ఎక్కువ సిగ్గు తెప్పించే విషయాలను కావాలనే వదిలేశానని ముందుమాటలో రాసింది. ఆ మిత్రులు పుస్తకాన్ని పట్టించుకోలేదు. కొన్ని నెలలకే కొడుకు పోయాడు. 1983లో మళ్ళీ అచ్చయ్యేదాకా ఆ నవల ఉందనే చాలామందికి తెలియదు.

ట్వేన్ దగ్గరికి మళ్ళీ వచ్చి ఆపేస్తాను. అప్పులు తీర్చడానికి దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిస్తూ ఆయన 1896 జనవరిలో బొంబాయిలో దిగాడు. హోటలు గదిలో ఒక నౌకరు మోకాళ్ళ మీద కూర్చుని తలుపు సరిచేస్తుంటే, వెంట వచ్చిన ఐరోపావాడు, తప్పేమిటో చెప్పకుండానే ముందు దవడ మీద ఒక్కటిచ్చాడు. నౌకరు కిమ్మనలేదు. అది చూడగానే యాభై ఏళ్ళ కిందటి తన ఊరు గుర్తొచ్చిందని ట్వేన్ తన యాత్రాగ్రంథంలో రాశాడు. తన తండ్రి ఎంతో మర్యాదస్తుడు, న్యాయంగా బతికినవాడు, కన్నకొడుకు మీద రెండుసార్లు మించి చెయ్యి చేసుకోలేదు. ఇంట్లోని బానిస కుర్రవాణ్ణి మాత్రం చిన్న చిన్న పొరపాట్లకు కూడా కొడుతుండేవాడు. అది ఆయన స్వభావం కాదు, ఆనాటి అలవాటు, అంటాడు కొడుకు.

ఆ వెంటనే ఇంకొకటి జ్ఞాపకం వస్తుంది. పదేళ్ళప్పుడు, ఏదో పని సరిగా చెయ్యలేదని ఒకడు ఒక బానిస మీదికి ఇనుప ఖనిజం రాయి విసరడం ఆయన కళ్ళారా చూశాడు. అది తలకు తగిలింది. ఆ మనిషి కూలిపోయాడు, మళ్ళీ మాట్లాడలేదు, గంటలో ప్రాణం పోయింది. ఆ హత్యను ఊళ్ళో ఎవరూ మెచ్చలేదని, అయినా దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదని రాశాడు.