ముందు మెయిల్‌కు మంచి తాళం

పెద్దలందరికీ నమస్కారం. రైల్వేలో, సింగరేణిలో, బడుల్లో ఏండ్ల తరబడి కష్టపడి రిటైరైనవాళ్లం. ఆ కష్టార్జితమంతా ఇప్పుడు ఫోన్‌లో ఉంది. అందుకే హనుమకొండలో ఈ పూట మిమ్మల్ని కూర్చోబెట్టాను.

రెండేండ్ల కింద చీర కొందామని ఒక షాపింగ్ సైట్‌లో ఖాతా తెరిచాను. నా మెయిల్‌కున్న పాస్‌వర్డే అక్కడా పెట్టాను: మనవరాలి పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆ సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఒకరోజు తెల్లారేసరికి నా మెయిల్ నాకే తెరుచుకోలేదు. చాలా ఖాతాల్లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే లింకు వచ్చేది మెయిల్‌కే కదా! అది పోతే ఇంటి తాళాల గుత్తి మొత్తం పోయినట్టే. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కాబట్టి మెయిల్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టండి, ఇంకెక్కడా వాడకండి. పొడుగ్గా ఉండాలి. చింతచెట్టు, గొడుగు, జొన్నరొట్టె, ఇస్త్రీపెట్టె... ఇట్లా సంబంధం లేని నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. నేను చెప్పినవి కాదు, మీ మాటలు. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో తాళం. పాస్‌వర్డ్ ఒక్కటే తెలిసినవాడు గడప దగ్గరే ఆగిపోతాడు.

రాసి పెట్టుకోవచ్చా అని చాలామంది భయంభయంగా అడుగుతారు. రాసుకోండి. ఎక్కడో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. ఫోన్ కవర్‌లో చీటీ, వాట్సాప్‌లో మెసేజ్ మాత్రం వద్దు. యూపీఐ పిన్ ఎక్కడా రాయొద్దు. పైసలు మనకు రావడానికి ఆ పిన్ అక్కర్లేదని గుర్తుంచుకోండి. పైసలు వస్తాయని చెప్పి పిన్ కొట్టమన్నారంటే మన ఖాతా నుంచి పోతున్నట్టే.

నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా. 'పెన్షన్ ఆగిపోతుంది, ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి' అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, వస్తే ముట్టుకోకండి. ఓటీపీలు చదివేసేది అదే. అనుమానముంటే నడుచుకుంటూ బ్యాంకుకే పోండి.

పొరపాటున పైసలు పోతే సిగ్గుపడి దాచకండమ్మా, అన్నా. ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. త్వరగా చెబితే దొంగ ఖాతాలో డబ్బు ఆపే వీలుంటుంది.

ఇప్పుడు ఫోన్లు తీయండి. మెయిల్ సెట్టింగ్స్ తెరవండి. చూపు ఆననివాళ్లు చెయ్యెత్తండి, నేనే మీ దగ్గరికొస్తా.